హన్మకొండలో నీ మొదటి ఎండాకాలం

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నీ గురించే ఆలోచించాను. "పెద్దమ్మా, ఇప్పుడే ఇల్లు పొయ్యిలా ఉంది, పాపకు ఇంకో రెండు వారాల్లో సెలవులు, మే నెల తలుచుకుంటేనే టెన్షన్" అన్నావు. ఫోన్లో చెప్పింది సగం మర్చిపోతాం, అందుకే రాస్తున్నాను. దాచుకో, ఏటా పనికొస్తుంది.

హన్మకొండలో నలభై ఏండ్లు సంసారం చేశాను. అందులో పదకొండేండ్లు నీలాగే పై అంతస్తులో, స్లాబు కిందే. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే, మన దగ్గర ఎండాకాలం రోజుకు వేరే లెక్క ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా మనది. సాయంత్రం ఆరు నుంచి మళ్లీ మనది. నడుమ ఉన్నదంతా ఎండది. పుణెలో అలవాటైన లెక్కన తొమ్మిదికి వంట, పదకొండుకు బజారు అని పెట్టుకున్నావంటే వారం తిరిగేసరికి మంచం పడతావు. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని నాలుగున్నరకు లేవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో, మధ్యాహ్నం ఒక గంట కునుకు తీయి. మిగిలినవన్నీ దాని వెనకాలే వస్తాయి.

లేవగానే కిటికీలన్నీ బార్లా తెరువు. తొమ్మిదికి మూసి పరదాలు వేయి. పొద్దు గూకాక మళ్లీ తెరువు. కూలర్ పెట్టినప్పుడు మాత్రం ఎదురు కిటికీ కొంచెం తెరిచే ఉంచాలి. చాలామంది చల్లదనం పోతుందని అన్నీ మూసేసి, ఇంట్లో ఉక్కపోస్తోందని కూలర్‌ను తిడతారు. తడి గాలి బయటికి పోయే దారి ఉంటేనే కూలర్ పని చేస్తుంది. ఇంటి ఓనరును అడిగి స్లాబు మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయించు. ఖర్చు తక్కువ, తేడా మొదటి రాత్రే తెలుస్తుంది.

ఫ్రిజ్ ఉన్నా సరే, ఒక రంజన్, అదే నీళ్ల మట్టికుండ, కొను. కొత్తదాన్ని ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టు. మొదటి రెండు రోజుల నీళ్లు చెట్లకు పోసేయి, మట్టి వాసన పోతుంది. ఇసుక పోసిన తట్టలో కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, గాలి తగిలే చోట పెట్టు. కుండ ఒంటి నుంచి నీళ్లు సన్నగా చెమర్చి, ఆరిపోతూ వేడిని తీసుకుపోతాయి. అందుకే మూలన పెడితే చల్లబడదు. కుండ బయట పెయింటు వేసినవి అమ్ముతున్నారు, అవి తీసుకోకు. చెమర్చే రంధ్రాలు మూసుకుపోతే అది ఉత్త బిందెతో సమానం.

ఇక తిండి. మధ్యాహ్నం పొయ్యి ముట్టించకుండా ఉండాలి, అంతే. రాత్రి రాగిపిండిని నీళ్లలో జారుగా కలిపి మూత పెట్టు. పొద్దున దాన్ని మరిగే నీళ్లలో పోసి, ఉండలు కట్టకుండా పది నిమిషాలు కలుపుతూ ఉడికించు. చల్లారాక చల్ల (మజ్జిగ) పోసి, ఉప్పు వేసి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేస్తే అంబలి తయారు. పాప మొదటి రోజు మూతి తిప్పుతుంది. నాలుగో రోజు తానే గ్లాసు పట్టుకొస్తుంది, మా పిల్లలతో చూశాను. అన్నంలోకి మామిడికాయ పచ్చిపులుసు చేయి. పొద్దున వంటతోపాటే ఒక పుల్లటి కాయ ఉడకబెట్టుకో. తినేముందు గుజ్జు పిసికి నీళ్లు పోసి, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, ఉప్పు, చిటికెడు బెల్లం, వేయించిన నువ్వుల పొడి వేయి. పోపులో ఎల్లిపాయ, కల్యామాకు, జీలకర్ర ఉండాలి. నువ్వుల పొడి మర్చిపోతే అది మన పచ్చిపులుసే కాదు. పక్కన ముద్దపప్పు ఉంటే మీ ఆయన ఇంకో కూర అడగడు.

ముంజలు కనబడితే అక్కడే నిలబడి తినండి. కాయ కొట్టించి, బొటనవేలు లోపలికి పోనిచ్చి తీస్తే ముంజ నీళ్లతో సహా జారి వస్తుంది. ఇంటికి తెచ్చుకుంటే ఆ రోజే తినేయాలి, మర్నాటికి గట్టిపడి రుచి పోతుంది.

మామిడికాయ తొక్కు (పచ్చడి) సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నువ్వు ఈ ఏడు నీ చేతుల మీద పెట్టాలని నా కోరిక. ముందు కారం. పొడి ప్యాకెట్ కొనకు. మన వరంగల్ చపాటా మిరపకాయలు తెచ్చుకో. పొట్టిగా, లావుగా, టమాటాలా ఉంటాయి. కారం తక్కువ, ఎరుపు మాత్రం కళ్లు చెదిరేంత. 2025లో దీనికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మా అత్తమ్మ ఆ గుర్తింపు రాకముందే దాన్ని తప్ప జాడీలోకి వేరేది రానిచ్చేది కాదు. మీకు కారం ఎక్కువ కావాలంటే నాలుగు పాళ్లు చపాటాకు ఒక పాలు తేజ రకం మిర్చి కలుపు. రెండు రోజులు ఎండబెట్టి, తొడిమలు తీసి, గిర్నీకి పట్టుకుపో. మిర్చి పట్టే గిర్నీ వేరుగా ఉంటుంది, పొద్దున మొదటి వాయిలోనే పట్టించు.

మామిడికాయలు ఏప్రిల్ నెలాఖరుకు బాగుంటాయి. వానపడి తడిసిన కాయ, గాలిదుమారానికి రాలిన కాయ జాడీకి పనికిరావు, వాటితో పచ్చిపులుసు చేసుకో. టెంక ముదిరిందో లేదో ఒక కాయ కోయించి చూసి తీసుకో. ఇంటికి తెచ్చి కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టాకే కొట్టాలి. ముక్క ముక్కకూ టెంక అంటుకుని ఉండాలి. లోపలి జీడి తీసి, దాని కింద కాగితంలాంటి పొర ఉంటుంది చూడు, అది కూడా తీసి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడవాలి. ఇది విసుగు పుట్టించే పనే. పాపను కూర్చోబెట్టుకో, మాటల్లో అయిపోతుంది.

కిలో ముక్కలకు 150 గ్రాముల కారం, 150 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల అల్లమెల్లిపాయ ముద్ద, 50 గ్రాముల ఆవపొడి, 20 గ్రాముల చొప్పున మెంతిపొడి, జీలకర్రపొడి, ఒక చెంచా పసుపు. నూనె 400 గ్రాములు కాచి, పోపు వేసి, చేయి పెట్టగలిగేంత చల్లారనిచ్చి కలుపు. వేడిగా పోస్తే ముక్క మెత్తబడుతుంది. అల్లమెల్లిపాయ నీళ్లు చుక్క లేకుండా నూరాలి. మిక్సీలో తిరగకపోతే ఇదే నూనె రెండు చెంచాలు పోసుకో. మూడో రోజు అడుగు నుంచి కలిపి, ఉప్పు చూసి, నూనె పైకి తేలకపోతే ఇంకొంచెం కాచి చల్లార్చి పోసి, జాడీకి గుడ్డతో వాసెన కట్టు. నా పెళ్లైన మూడో ఏడు తొందరలో తడి గరిటె పెట్టాను. పదిహేను రోజులకు జాడీ అంతా బూజు. అయిదు కిలోల తొక్కు పారబోసిన ఆ రోజు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అందుకే జాడీలో ఎప్పుడూ పొడి గరిటే పెట్టమని ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఎండది అన్న ఆ నడిమి టైంను ఊరికే పోనివ్వకు. పచ్చిమిర్చి చీరి, ఉప్పు వేసిన పుల్ల చల్లలో నానబెట్టి, పగలు మిద్దె మీద ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ అదే చల్లలో వేయి. మూడు రోజులు అలా చేసి, తర్వాత గలగలలాడేదాకా ఎండనివ్వు. వానాకాలంలో పప్పన్నంలోకి రెండు వేయించుకుంటే ఈ ఎండ విలువ తెలుస్తుంది. నాలుగు దాటాక పడమటి మబ్బు మీద ఒక కన్ను ఉంచు. మే నెలలో గాలిదుమారం చెప్పి రాదు.

రాత్రి మిద్దె మీద పడుకోండి. పొద్దుగూకాక నీళ్లు చల్లి, అరగంట ఆగి, జంపఖానా పరవు. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసిన నూలు జంపఖానా ఒకటి కొనుక్కో, 2018లో వాటికీ జీఐ వచ్చింది. మా ఇంట్లోది ఇరవై ఏండ్లు దాటింది, రంగు వెలిసింది కానీ పోగు చెదరలేదు.

సెలవుల్లో ఎక్కడికి పోవాలని అడిగావు. బొగత జలపాతం ఇప్పుడు వద్దు, వానలు పడ్డాక జులై, ఆగస్టుల్లో పోండి. లక్నవరం చెరువు చలికాలానికి ఉంచు. వేసవిలో రామప్ప గుడి ఒక్కటి చాలు, కానీ తెల్లారేసరికి అక్కడుండాలి. ఒకసారి మేము మాట్లాడుకున్న జీపు మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. చేరేసరికి పన్నెండు. చెప్పులు బయట విడిచి రాతి మీద అడుగు పెట్టగానే మా పెద్దోడు కెవ్వుమన్నాడు, అప్పుడు వాడికి ఆరేండ్లు. ఎత్తుకుని పరుగెత్తినా అరికాళ్లు బొబ్బలెక్కాయి. గుడి చూడకుండానే తిరిగొచ్చాం. అందుకని అయిదుకు బయలుదేరండి, రమారమి 70 కిలోమీటర్లు. పాపకు మందపాటి మేజోళ్లు తప్పక పెట్టుకో.

గుడి తూర్పు ముఖం. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఎర్రరాయి గోడల మీద నల్లరాతి మదనికలు, అంటే నాట్యకత్తెల బొమ్మలు, మెరుస్తాయి. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారని పాపకు చెప్పు. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనికను ఆమెనే వెతకమను. తొమ్మిదికల్లా పక్కనున్న చెరువు కట్ట మీదికి పోయి, చెట్టు నీడన సద్ది విప్పండి.

సద్దిలోకి సర్వపిండి చేసుకో, సాయంత్రం దాకా పాడవదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం, కల్యామాకు కలిపి, అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలో పలచగా ఒత్తి, వేలితో గుంటలు పెట్టి, గుంటల్లో నూనె పోసి, మూతపెట్టి సన్న సెగ మీద కాల్చు. రెండోది ఒత్తేముందు గిన్నెను బోర్లించి వెనక నీళ్లు పోసి చల్లార్చుకో, లేదంటే చేతులు కాలతాయి. కొత్తవాళ్లందరూ అక్కడే తడబడతారు.

మే ఆఖరి వారంలో మీ పెద్దబాపు, నేను వస్తున్నాం. అప్పటికి తొక్కు ఊరి ఉంటుంది. చిన్న జాడీ ఒకటి నాకోసం వేరుగా తీసిపెట్టు, మా జమ్మికుంటకు తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ