సోరియాసిస్‌కు చైనా మూలికల పైపూత పనిచేస్తుందా? నాకు పనిచేసింది, పరుపు పోయింది

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సోరియాసిస్‌కు చైనా మూలికల పైపూత మందు పనిచేస్తుందా అన్నది మొదటిది. మూలికలే కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవట కదా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు అవును. రెండోది చదవగానే మాత్రం ఒళ్లు మండింది. ఈ ‘ఉండవట కదా’ను నమ్మే నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

నాకిది ఇంటర్ చదివే రోజుల్లో మొదలైంది. మోచేతులు, మోకాళ్లు, నడుము మీద అరచెయ్యంత మచ్చ, నుదుటి పైన వెంట్రుకల అంచు. ఉద్యోగం తైవాన్‌లోని షిన్‌చూలో, చిప్‌లు తయారుచేసే కర్మాగారంలో. తల నుంచి కాలిదాకా తెల్లటి సూటు తొడుక్కుని, కళ్లు మాత్రమే కనిపించేలా 12 గంటల షిఫ్టు. అక్కడ అందరికీ ఉమ్మడి శత్రువు దుమ్ము. కంటికి కనిపించని నలుసు వేఫర్ మీద, అంటే చిప్‌లు చెక్కే పలచటి బిళ్ల మీద, పడినా మీటింగు పెడతారు. అలాంటి చోట నేను మోచేయి గోకితే పొలుసులు రాలే మనిషిని. షిఫ్టు అయ్యాక సూటు విప్పితే లోపలి నల్ల చొక్కా మీద వరిపిండి చల్లినట్టుండేది. పక్కవాళ్లు చూడకముందే దులుపుకోవడానికి బాత్రూముకు పరుగెత్తేదాన్ని.

ఆ భయంతోనే మొదటి డబ్బా కొన్నాను. హాంకాంగ్ వెళ్లిన సహోద్యోగిని తెచ్చిచ్చింది. మూత మీద ఆకుల బొమ్మ, లోపల వెన్నలాంటి తెల్లటి క్రీము, పదార్థాల జాబితా నిండా మూలికల పేర్లు. ఆరో రోజుకు మోచేయి నున్నగా అయింది. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ ఆ వారమే సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చింది. నాలుగు నెలలు పూశాను. చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. డబ్బా అయిపోయి రెండు వారాలు ఆగానో లేదో, పోయిన మచ్చలు చుట్టాలను కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చాయి.

చర్మవ్యాధుల డాక్టరు ఆ ఖాళీ డబ్బా మూత కూడా తీయలేదు. ఎన్నాళ్లకు తగ్గిందని అడిగారు. ఆరు రోజులన్నాను. “మూలికలకు అంత తొందర ఉండదు, స్టెరాయిడ్‌కు ఉంటుంది” అన్నారు. నా డబ్బాను ఎవరూ పరీక్షకు పంపలేదు, అయినా నాకు అణువంత సందేహం లేదు. 1999లో లండన్ వైద్యులు రోగులు తెచ్చిన 11 చైనా మూలికల క్రీములను పరీక్షిస్తే 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే అచ్చయింది. డెక్సామెథసోన్ ఏ చెట్టుకూ కాయదు. స్టెరాయిడ్ పాపమని నేననను. డాక్టరు ఇంత రాయి, ఇన్నాళ్లకు ఆపు అని చెప్పి ఇస్తే అది మందు. ఆకు బొమ్మ వెనక దాచి అమ్మితే మోసం. మన ఊళ్లలో తెల్లబడతారని చెప్పి మందుల షాపుల్లో అంటగట్టే ట్యూబుల కథ కూడా ఇదే, దాని జోలికి పోతే ఈ జవాబు తెల్లారేదాకా సాగుతుంది.

ఇక పనిచేసిన మందు. తైవాన్‌లో చైనా వైద్యం సందు చివరి వ్యవహారం కాదు. 1995లో మొదలైన జాతీయ ఆరోగ్య బీమా దానికీ వర్తిస్తుంది, పెద్ద ఆస్పత్రుల్లో దానికొక విభాగమే ఉంటుంది. నేనూ కార్డు పట్టుకుని అక్కడికే వెళ్లాను. డాక్టరమ్మ నాడి చూసి, నాలుక చూపించమని, చివరికి గుండ్రటి డబ్బా చేతిలో పెట్టింది. దాని డబ్బు మాత్రం నేనే కట్టుకున్నాను. మూత తీస్తే చాకలి నీలిమందును నూనెలో ముద్ద చేసినట్టుంది. పేరు చింగ్ దాయ్. నిజంగా నీలిమందే, కాకపోతే చాకలిది కాదు, నీలి మొక్క ఆకుల నుంచి తీసేది. రోజూ రాయాలి, మూడు నెలలు ఓపిక పట్టాలి, తెల్ల బట్టలు కట్టొద్దు అంది. నేను మొదటి రెండే విన్నాను.

మూడో రాత్రి గుడ్డ చుట్టుకోవడం మరచి పడుకున్నాను. తెల్లారేసరికి దుప్పటి, దాని కింద పరుపు, గోడ మీద మోచేయి ఆనిన చోటు, అన్నీ నీలం. పరుపు ఇంటావిడది. దుప్పటి ఉతికి గదిలో దండెం మీద వేశానో లేదో, గ్యాస్ బిల్లు ఇవ్వడానికి ఆవిడే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. అక్కడ ఆ వయసు వాళ్లను ఆమా అంటారు, నాకు నోటికి హాయిగా ఉండేది. ఆవిడ బిల్లు పక్కన పెట్టి, మరకను బొటనవేలితో రుద్ది వాసన చూసింది. “చింగ్ దాయ్” అంది. అడగలేదు, చెప్పింది. నా చొక్కా చెయ్యి తనే పైకి మడిచి మోచేయి పట్టుకుంది. అంటుకుంటుందా అని అడగలేదు. ఆస్పత్రి బయట నా మోచేతిని ఎవరైనా అలా పట్టుకుని ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు.

ఆవిడ పుట్టింది సాన్‌షియాలో, నీలి అద్దకానికి పేరుపడ్డ ఊరు. తాత రంగులు వేసేవాడట. సగం మాటలతో, సగం సైగలతో చెప్పింది: ఆకులను రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, తీసేసి, ఆ నీళ్లలో సున్నం కలిపి చిలికినట్టు కొడతారు. అడుగున దిగే ముద్ద బట్టలకు. పైన తేలే నురుగు తీసి ఎండబెడితే మందు. గవదబిళ్లలు వస్తే దాన్ని వినెగర్‌లో కలిపి బుగ్గలకు పూసేవారట, తన చిన్నప్పుడు నీలి బుగ్గల పిల్లలు వరుసగా కూర్చునేవారట. తర్వాత నాకు తిట్లు పడ్డాయి. గోడకు సున్నం వేసినట్టు ఇంత మందం ఎందుకు రాశావని. దూదిని నూనెలో ముంచి పాత పూత తుడిచి, వేలి కొసతో పలచగా రాసి, పాత నూలు గుడ్డ పీలిక చుట్టింది. పోవాల్సింది లోపలికి పోతుంది, మిగిలింది దుప్పటికి అంది.

నాలుగో వారానికి పొలుసులు రాలడం ఆగింది. పదో వారానికి మోచేతులు చదునయ్యాయి. నడుము మీది మచ్చ రూపాయి బిళ్లంత మిగిలింది, ఇప్పటికీ ఉంది. నుదుటి అంచున మాత్రం మానేశాను, హోళీ మర్నాటి ముఖంతో ఆఫీసుకు ఎన్నాళ్లని వెళ్లగలను?

నా ఒక్కదాని మాట ఎందుకు వినాలంటారా? అక్కడి చాంగ్ గుంగ్ ఆస్పత్రి వైద్యులు 42 మందికి 12 వారాల పాటు, ఒకే మనిషికి ఒక వైపు నీలిమందు పూత, రెండో వైపు మందు కలపని ఉత్త పూత రాసి చూశారు. 31 మందికి నీలి వైపు మచ్చలు పూర్తిగానో దాదాపుగానో పోయాయి. 2008లో ఆర్కైవ్స్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చింది. 42 మందితో ఏమి తేలుతుందని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. ఆయనకు సోరియాసిస్ లేదు.

ఒక్క జాగ్రత్త. పైన పనిచేసింది కదా అని మింగకండి. పేగుల జబ్బుకు దీన్ని లోపలికి తీసుకున్న కొందరికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందని 2016లో జపాన్ ఆరోగ్యశాఖ హెచ్చరించింది. సైడ్ ఎఫెక్టులు ఉండవట కదా!

ఆ నీలంలో ఇండిరుబిన్ అనే ఎర్రటి పదార్థం ఉంటుంది, పనంతా దానిదే అని నా నమ్మకం. ఇది అమ్మకు చెబితే, మన అంకుడు ఆకు ఏమైందే అంది. మా అమ్మమ్మ వాళ్లది ఏటికొప్పాక పక్క ఊరు, లక్క బొమ్మలు చేసేది అంకుడు కర్రతోనే. దాని ఆకును కొబ్బరినూనెలో వేసి ఎండలో పెట్టి తీసే తైలాన్ని తమిళ సిద్ధ వైద్యులు సోరియాసిస్‌కు ఇస్తారు. చూస్తే ఆ ఆకులోనూ ఇండిరుబిన్ ఉంది. నేను వాడలేదు కాబట్టి దాని గురించి ఇంతే.

వంకాయ మానెయ్యి, వేపనీళ్లు పొయ్యి, పెళ్లయితే అదే పోతుంది అని కింద రాయబోయే వాళ్లకు ముందే నమస్కారం. అవన్నీ అయ్యాయి, పెళ్లితో సహా.

షిన్‌చూలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆమా రెండు నెలల అడ్వాన్సు పైసాతో సహా తిరిగి ఇచ్చింది. గోడకు సున్నం తనే వేయించుకుంటానంది. పరుపు మాత్రం తీసుకుపొమ్మంది.