పదింట ఒకటా, పదికి తొమ్మిదా?

ప్రశ్న: మాస్టారూ, తుపాను కొబ్బరి తోటల్ని 'డెసిమేట్' చేసిందని ఇంగ్లీషు పేపర్లో రాశారు. డెసిమేట్ అంటే పదో వంతే పోవడమని, అది తప్పని ఎడిటరుకి మెయిల్ పెడతానంటున్నాడు మా అబ్బాయి. ఎవరిది రైటు?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: పుట్టుక చూస్తే మీ అబ్బాయిది రైటు. వాడుక చూస్తే పేపరుది. నేను పేపరు పక్షమేనమ్మా.

లాటిన్‌లో 'డెకెం' అంటే పది. మన 'దశ'కు చుట్టమే. పాత రోమన్ కేలెండర్లో పదో నెల కాబట్టే డిసెంబరుకి ఆ పేరు. రోమన్ సైన్యంలో ఏదైనా దళం తిరగబడినా, యుద్ధంలో వెన్ను చూపినా, చీట్లు వేసి పదిమందికి ఒకణ్ణి తీసేవారు. వాణ్ణి తోటి సైనికులే కర్రలతో కొట్టి చంపాలి. నిన్నటిదాకా పక్కపక్కన పడుకున్నవాళ్లే! ఎప్పుడో మూలపడ్డ ఈ శిక్షను స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటప్పుడు (క్రీ.పూ. 73–71) రోమన్ సేనాని క్రాసస్ మళ్లీ బయటికి తీశాడు.

ఇంగ్లండులో 1655లో, రాజరికాన్ని కూలదోసి పాలనకొచ్చిన క్రామ్‌వెల్ ప్రభుత్వం రాజు పక్షం వాళ్ల ఆదాయం మీద వేసిన పదో వంతు పన్నునీ 'డెసిమేషన్' అన్నారు. మన వైపు చర్చిల్లో ఇచ్చే దశమభాగం లాంటి లెక్కే, కాకపోతే ఇది ముక్కు పిండి వసూలు చేసింది.

తరవాత ఆ పది లెక్క అరిగిపోయింది. ఇప్పుడు గుంపులో చాలా భాగం పోతే డెసిమేట్. తోట, మంద, సైన్యం, జనాభా – వీటికి వాడండి. ఒక్క ఇల్లు కూలితే వాడకండి. 'ఎనభై శాతం డెసిమేట్' అనడం మాత్రం నా చెవికి పంటి కింద రాయిలా ఉంటుంది. ముందు 'టోటల్లీ' తగిలించినా అంతే, ఎంతో కొంత మిగలాలి కదా.

అందుకే తెలుగులో 'సర్వనాశనం' అంటే అతకదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి, అమలాపురం దగ్గర మా దొడ్లో నలభై కొబ్బరిచెట్లకి నాలుగే నిలబడ్డాయి. ఒకదాని మొవ్వు కూడా విరిగింది. రోమన్ల లెక్కయితే పడాల్సినవి నాలుగు! మర్నాడు దింపు తీసే మనిషి వచ్చి, నడుముకున్న కత్తి తీయకుండానే కాసేపు నిలబడి, "ఊడ్చేసింది బాబూ, నాలుగు వదిలింది" అన్నాడు. డెసిమేట్‌కి నేను క్లాసులో చెప్పిన తెలుగు ఆ 'ఊడ్చేయడమే'.

అబ్బాయిని మెయిల్ పెట్టొద్దనండి.