మన తుఫాన్ల పేర్లకు రిటైర్మెంట్ ఎందుకు ఉండదు?

అమెరికాలో కత్రినా తుఫాను పేరును మళ్లీ పెట్టకుండా తీసేశారు కదా, మన హుద్‌హుద్‌ను కూడా తీసేశారా అని మీలో ఒకరు అడిగారు. మన దగ్గర ఆ అవసరమే రాదు. బంగాళాఖాతంలోనైనా అరేబియా సముద్రంలోనైనా, ఎంత చిన్న తుఫానుదైనా ఒకసారి వాడిన పేరు మళ్లీ పెట్టరు.

అట్లాంటిక్‌లో ఆరు జాబితాలున్నాయి, ఒక్కో దాంట్లో 21 పేర్లు. ఆరేళ్లకోసారి అదే జాబితా తిరిగొస్తుంది. అందుకే బాగా నష్టం చేసిన హరికేన్ (అక్కడ పెద్ద తుఫానును అలా అంటారు) పేరును ప్రపంచ వాతావరణ సంస్థ కమిటీ కొట్టేసి వేరేది చేరుస్తుంది. 2005 నాటి కత్రినా స్థానంలోకి కాటియా అలాగే వచ్చింది. మన వైపు పేర్లు మొదలైంది 2004లో. ఇప్పుడున్నది 2020 జాబితా: 13 దేశాలు తలా 13 చొప్పున ఇచ్చిన 169 పేర్లు. వరుసలో తర్వాతి పేరును ఢిల్లీలోని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరు, మొంథా థాయిలాండ్‌ది. 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ నేల మీద నీరసించి, అరేబియా సముద్రంలో మళ్లీ పుంజుకుంటే షహీన్ అని కొత్త పేరు పెట్టారు. ఒకే వ్యవస్థకు రెండు పేర్లన్నమాట!

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే పేరు పెడతారు. వాన ఎంత కురిసినా లెక్కలోకి రాదు. సముద్రానికి దూరంగా ఉన్న మన నల్గొండ, పాలమూరు వాళ్లను ముంచేది మాత్రం వానే. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటి, హైదరాబాద్‌ను అతలాకుతలం చేసింది పేరు లేని తీవ్ర వాయుగుండం, అంటే తుఫానుకు ఒక మెట్టు కిందిది. 2009 అక్టోబరులో అప్పటి పాలమూరు జిల్లాలోని అలంపూర్ మునిగినప్పుడూ దానికి పేరున్న తుఫాను ఏదీ కారణం కాదు.

నేను మిర్యాలగూడ వైపు ధాన్యం కొనుగోలు కేంద్రంలో పనిచేస్తాను. తుఫానుకు పేరు పెట్టారంటే టీవీల్లో ఒకటే హడావుడి, రైతులు ముందే వడ్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పేస్తారు. అల్పపీడనం అంటే మాత్రం "ఆ, నాలుగు చినుకులేగా" అంటారు. తీరా రాశి అడుగుకు నీళ్లు చేరతాయి. పైన చూస్తే పొడిగానే ఉంటుంది, లోపల చెయ్యి పెడితే వేడి తగులుతుంది. ఆ వడ్లకు తెల్లటి మొలకలు రావడానికి ఎన్నో రోజులు పట్టదు. తేమ 17 శాతం దాటితే కాంటా వేయలేం, ఎంత బతిమాలినా. అందుకే వార్తల్లో వాయుగుండం అని వినబడగానే పట్టాలు బయటికి తీయిస్తున్నాను. పేరు పెట్టేదాకా ఆగడం లేదు.