సముద్ర మార్పులపై పరిశోధన: రెండు శాస్త్రాల నడుమ పట్టు నిలుస్తుందా?

ప్రశ్న: నేను రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. సముద్రంలో వస్తున్న మార్పులు తీరప్రాంత ప్రజల జీవనోపాధిని ఎలా దెబ్బతీస్తున్నాయో పరిశోధించాలని ఉంది. సహజ, సామాజిక శాస్త్రాలను కలిపి నేర్పే పీహెచ్‌డీ కార్యక్రమాలలో చేరితే చివరికి దేనిలోనూ పట్టు లేకుండా మిగిలిపోతానేమోనని భయం. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ భయంలో అర్థం ఉంది. అయితే సరిగా నడిచే కార్యక్రమం ఏదీ మిమ్మల్ని రసాయన శాస్త్రం వదిలిపెట్టమని అడగదు. వేర్వేరు శాస్త్రాలను కలిపి పరిశోధక విద్యార్థులకు శిక్షణ ఇచ్చేందుకు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నడిపిన ఐగర్ట్ పథకం ఆధారంగా వాషింగ్టన్ విశ్వవిద్యాలయం సముద్ర మార్పులపై ఇచ్చిన శిక్షణ ఇటువంటిదే. జర్మనీలోని కీల్‌లో 2006లో మొదలైన సముద్ర పరిశోధన బృందం కూడా సహజ శాస్త్రవేత్తలతోపాటు న్యాయ, ఆర్థిక శాస్త్రాల వారిని ఒకచోట చేర్చింది. ఇలాంటి చోట్ల విద్యార్థి తన శాస్త్రంలోనే వేళ్లూనుకొని, ఇతరులతో కలిసి ఒకే సమస్యను పరిశీలిస్తాడు.

మీ శాస్త్రానికి దగ్గరి ఉదాహరణే చూద్దాం. 2000ల దశకం చివరలో అమెరికా వాయవ్య తీరంలోని ఆల్చిప్పల హేచరీలలో లార్వాలు పెద్దయెత్తున చనిపోయాయి. మొదట బ్యాక్టీరియాను అనుమానించారు. ఆరెగన్‌లోని విస్కీ క్రీక్ హేచరీలో నడిపేవారూ పరిశోధకులూ కలిసి పరిశీలించగా, సముద్రపు లోతుల నుంచి పైకి ఉబికివచ్చే నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై, గుల్ల కట్టుకోవడానికి కావలసిన కార్బొనేట్ తగ్గిన సమయాల్లోనే నష్టం తీవ్రంగా ఉందని తేలింది. నీటికి సోడియం కార్బొనేట్ కలిపి హేచరీ నిలదొక్కుకుంది. రసాయన శాస్త్రం ఇక్కడితో ఆగుతుంది, సమస్య ఆగదు. నీటిని అనుక్షణం కొలిచే పరికరాల ఖర్చు ఎవరు భరించాలి? హేచరీ విత్తనంపైనే ఆధారపడిన చిన్న సాగుదారుల మాటేమిటి? ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందాల వల్ల తీరంపై హక్కులున్న మూలవాసీ తెగల అభిప్రాయానికి చోటెక్కడ? 2012లో వాషింగ్టన్ రాష్ట్రం సముద్ర ఆమ్లీకరణపై (కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు నీటిలో ఆమ్లగుణం పెరగడంపై) వేసిన సంఘంలో శాస్త్రవేత్తలతోపాటు సాగుదారులూ తెగల ప్రతినిధులూ అధికారులూ కూర్చోవడానికి కారణం ఇదే.

అసలు కష్టం పాఠ్యాంశాల భారం కాదని నా అభిప్రాయం. దేనిని సాక్ష్యంగా ఒప్పుకోవాలన్న విషయంలో శాస్త్రాల మధ్య ఉన్న తేడాయే కష్టం. ముప్పైమంది మత్స్యకారులతో జరిపిన సంభాషణలపై నిలిచిన పరిశోధనను చూడగానే మీరు నమూనా పరిమాణం చాలదంటారు. నీటి ఆమ్లగుణాన్ని చూపే మీ పీహెచ్ గ్రాఫును చూసి సామాజిక శాస్త్ర విద్యార్థి, దీనిని సమస్యగా నిర్ణయించింది ఎవరని అడుగుతుంది. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ వద్ద కాడ్ చేపల నిల్వలను ప్రభుత్వ అంచనాలు ఎక్కువగా చూపుతున్న 1980లలోనే, తీరానికి దగ్గరగా వేటాడే మత్స్యకారులు చేప తగ్గుతోందని మొత్తుకున్నారు. 1992లో వేట నిషేధించేసరికి వేలాదిమంది ఉపాధి పోయింది. అక్కడ మనుషుల మాట కూడా కొలతే, దానిని చదవడం తెలిసినవారు అంచనాల బల్ల దగ్గర తక్కువయ్యారు.

కార్యక్రమాన్ని ఎంచుకునేటప్పుడు కరపత్రంలోని పెద్ద మాటలకన్నా కొన్ని చిన్న విషయాలు అడగండి. రెండో శాస్త్రానికి చెందిన గైడ్‌కు మీ థీసిస్‌పై నిజమైన అధికారం ఉందా, లేక పేరు మాత్రమేనా? వేర్వేరు విభాగాల విద్యార్థులు కలిసి వ్యాసాలు ప్రచురించారా? ఉమ్మడి పనికి పట్టే అదనపు కాలానికి ఫెలోషిప్ ఉంటుందా? చాలామంది ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు, తర్వాత ఇబ్బంది పడతారు. విశ్వవిద్యాలయ ఉద్యోగాలు ఇప్పటికీ ఎక్కువగా విభాగాలవారీగానే ఇస్తారు కనుక పట్టా రసాయన లేదా సముద్ర శాస్త్ర విభాగం నుంచే వచ్చేలా చూసుకోండి. దరఖాస్తుకు ముందే గణాంక శాస్త్రంలో ఒక కోర్సు, ఇంటర్వ్యూ పద్ధతులపై మరొకటి చేయగలిగితే, మొదటి ఏడాది సెమినార్లలో చర్చలు అంత పరాయిగా అనిపించవు.