ఉపగ్రహానికి ఎవరి మీద కక్ష?

సందేహం: పేపర్లో రాకెట్ ఒకరోజు ‘నింగిలోకి’ పోతుంది, ఇంకోరోజు ‘అంతరిక్షంలోకి’, మరోరోజు ‘రోదసిలోకి’. టీవీలో అయితే ‘ఆకాశంలోకి దూసుకెళ్ళింది’ అంటారు. ఇవన్నీ ఒకటేనా? మా ఇంట్లో రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. ఉప్మా బ్రహ్మాండంగా ఉందన్నామో, ‘బ్రహ్మాండమంటే విశ్వమంతా! ఉప్మాని పట్టుకుని ఆ మాటనకూడదు’ అని కోప్పడతారు. ఆయన చెప్పేది నిజమేనా? పనిలో పని, ఉపగ్రహం తిరిగేది ‘కక్ష’లోనా, ‘కక్ష్య’లోనా?

సమాధానం: ఉత్తరం కింద సంతకం లేదు. ఆకాశం గురించి ఆకాశరామన్న అడిగితే కాదనేదేముంది! ముందు ఉప్మా సంగతి తేల్చేద్దాం, చల్లారిపోతుంది.

మాస్టారు చెప్పిన అర్థం నిజమే. బ్రహ్మ, అండం కలిసి బ్రహ్మాండం. అండమంటే గుడ్డు. పురాణాల సృష్టి కథల్లో ఓ బంగారు గుడ్డు ఉంటుంది. అది రెండు చెక్కలై పైచెక్క స్వర్గం, కిందిచెక్క భూమి అవుతాయి. అందులోనే సమస్తమూ ఉంది కాబట్టి, అంతకన్నా పెద్దది ఇంకేముంటుంది? అందుకని ‘చాలా పెద్ద’ అనాల్సిన చోట మనవాళ్ళు ‘బ్రహ్మాండమైన’ అన్నారు. పెద్దదల్లా గొప్పదైంది, గొప్పదల్లా బాగున్నదైంది. ఇప్పుడు పెళ్ళి భోజనాలు, పిల్లల మార్కులు, సినిమాలో ఫైట్లు అన్నీ బ్రహ్మాండంగానే ఉంటున్నాయి. తప్పేమీ లేదు. మాట పుట్టినచోటే కూర్చోవాలని ఏ వ్యాకరణమూ చెప్పలేదు.

మాస్టారిని ఓసారి గమనించండి. మంచి ఫిల్టర్ కాఫీ తాగి ‘దివ్యంగా ఉంది’ అనకుండా ఉంటారా? దివి అంటే స్వర్గం, ఆకాశం. దానికి సంబంధించినది దివ్యం. కాఫీకి ఆకాశం ఇచ్చినవారు ఉప్మాకి బ్రహ్మాండం ఇవ్వడానికి వెనకాడకూడదు. పైగా తిరుమల వెంకన్నని మనం ‘అఖిలాండకోటి బ్రహ్మాండనాయకా’ అని పిలుస్తాం. అన్ని కోట్లున్నప్పుడు ఒకటి ఉప్మా కింద రాసేస్తే స్వామికి వచ్చే నష్టం లేదు. అసలు ఉప్మా బ్రహ్మాండంగా ఉండటం సాధ్యమా అన్నది వేరే సందేహం, అది ఈ శీర్షిక పరిధిలోకి రాదు.

ఇక ఆకాశం, అంతరిక్షం. ఇవి ఒకటేనా అంటే, ఒకప్పుడు ఒకటే. పాతకాలం పిల్లలు బట్టీపట్టిన అమరకోశంలో ఆకాశం పేర్లు వరసగా ఉంటాయి: అభ్రం, వ్యోమం, అంబరం, నభం, అంతరిక్షం, గగనం, అనంతం, ఖం... కవికి ఛందస్సులో ఏది ఇమిడితే అది వాడుకున్నాడు. 1957 అక్టోబరు 4న రష్యావాళ్ళ స్పుత్నిక్ ఎగిరాక ఈ సుఖం పోయింది. కాకులు, విమానాలు ఎగిరేదానికి ఒక పేరు, ఆ పైన ఉన్నదానికి ఒక పేరు కావలసి వచ్చింది. అప్పటిదాకా ఉమ్మడి కుటుంబంలా బతికిన మాటలు వేరుపడి ఆస్తి పంచుకున్నాయి. ఆకాశం పాత ఇంట్లోనే ఉండిపోయింది. పై అంతస్తు అంతరిక్షానికి దక్కింది. వ్యోమం వ్యోమగాముల్నీ, వ్యోమనౌకల్నీ తీసుకుంది. ఖం ఒంటరిగా బతకలేక ఖగోళంలో చేరిపోయింది.

ఈ పంపకంలో గమ్మత్తు ఏమిటంటే అంతరిక్షానికి తనది కాని వాటా వచ్చింది. ‘అంతర్’ అంటే నడుమ. వేదంలో లోకాలు మూడు: కింద భూమి, పైన సూర్యుడుండే ద్యులోకం, నడుమ అంతరిక్షం. సంధ్యావందనంలో చెప్పే భూః, భువః, సువః అన్నవాటిలో రెండోది ఇదే. దీనికి అధిపతి వాయువు. గాలి వీచేదీ, మబ్బులు తిరిగేదీ, పిట్టలు ఎగిరేదీ ఇక్కడే. అంటే పాత లెక్కన శంషాబాద్‌లో విమానం ఎక్కి విశాఖలో దిగినవారందరూ అంతరిక్ష యాత్రికులే! ఇప్పుడేమో సరిగ్గా గాలి లేనిచోటికి ఆ పేరు పెట్టాం.

ఆకాశం గతి ఇంకా విచిత్రం. తర్కశాస్త్రం చదువుకునేవారికి మొదట్లోనే నేర్పే మాట ‘శబ్దగుణకమాకాశం’. ఆకాశానికి ఉన్న గుణం శబ్దం అని దీని అర్థం. రేడియోకి ఆకాశవాణి అన్న పేరు అందుకే అంత చక్కగా అతికింది. కానీ పైకి వెళ్ళినకొద్దీ గాలి పలచబడి, చివరికి చప్పుడన్నదే వినపడదు. సినిమాల్లో అంతరిక్ష నౌకలు ఢాం అని పేలడం దర్శకుడి ఉదారత. దీన్నిబట్టి మన పూర్వులకి సైన్స్ రాదనీ, లేదా అంతా వాళ్ళకి ముందే తెలుసనీ వాదనకు దిగకండి. వాళ్ళ ‘ఆకాశం’ ఒక తత్త్వం, మనం తలెత్తి చూసే నీలం కాదు. కుండలో ఉన్న ఖాళీని కూడా వేదాంతులు ఘటాకాశం అన్నారు.

మరి ఆకాశం ఎక్కడ ఆగి అంతరిక్షం ఎక్కడ మొదలవుతుంది? అక్కడ గేటు లేదు. సముద్రమట్టం నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున ఓ గీత ఉన్నట్టు అంతర్జాతీయంగా ఎక్కువమంది లెక్కవేస్తారు. దాని పేరు కార్మన్ రేఖ. అమెరికా ప్రభుత్వ సంస్థలకు 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు చాలు. మన తెలుగమ్మాయి శిరీష బండ్ల 2021 జులై 11న వెళ్ళి వచ్చినప్పుడు ఈ తేడా దగ్గరే చర్చ నడిచింది. ఆ వ్యోమనౌక చేరింది సుమారు 86 కిలోమీటర్లు. అమెరికా లెక్కలో అది అంతరిక్షం, కార్మన్ లెక్కలో ఇంకా ఆకాశమే. తెలుగు పత్రికలన్నీ అంతరిక్షమనే రాశాయి. మనమ్మాయి వెళ్ళాక కిలోమీటర్ల దగ్గర బేరమాడతామా? వేదం లెక్కలో మాత్రం ఏ పేచీ లేదు.

రోదసి మాట వినడానికి గంభీరంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ సంస్కృతంలో అది ద్వివచనం: భూమీ, ఆకాశమూ రెండూ కలిపి రోదసి. ఆ లెక్కన శ్రీహరికోటలో రాకెట్ లాంచ్‌ప్యాడ్ మీద ఉన్నప్పుడు కూడా రోదసిలోనే ఉంది, ఎక్కడికీ పోనక్కర్లేదు. తెలుగులో ఆ అర్థం అరిగిపోయి అంతరిక్షానికి పర్యాయపదంగా స్థిరపడింది. నిస్సంకోచంగా వాడండి. పాఠ్యపుస్తకానికీ, ఆఫీసు రాతకీ అయితే అంతరిక్షమే మేలు. ఇస్రో పేరును తెలుగులో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అనే రాస్తున్నాం కదా.

నింగి, మిన్ను అచ్చతెలుగు మాటలు. హెడ్డింగ్‌లో నింగి అంత తరచుగా కనబడటానికి కారణం కవిత్వం కాదు, చోటు. రెండక్షరాల్లో తెమిలిపోతుంది. రాకెట్ ‘నింగిలోకి’ వెళ్ళిందంటే అర్థంలో కూడా తప్పు లేదు, నింగి దాటకుండా అంతరిక్షానికి దారేదీ?

గగనం విషయంలోనే నాకు కొంచెం బెంగ. మనుషుల్ని పంపడానికి ఇస్రో తలపెట్టిన యాత్ర పేరు గగన్‌యాన్. హిందీ చెవికి ఇంపుగా ఉంటుంది. తెలుగులో మాత్రం ‘రిజర్వేషన్ దొరకడం గగనమైపోయింది’ అంటాం. అందని వస్తువుకే మనం ఆ మాట వాడుకుంటున్నాం. పేరు పెట్టేటప్పుడు తెలుగువాణ్ణి అడిగి ఉండరు.

మీరు అడగలేదు గానీ, పాలపుంత గురించి ఓ మాట చెప్పకుండా ఉండలేను. పుంత అంటే పొలాల మధ్య బండ్లు పోయే దారి, గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ వాడుక మాటే. అక్కడ పుంతలో ముసలమ్మ అని గ్రామదేవత కూడా ఉంది. చీకటి రాత్రి ఆకాశంలో తెల్లగా సాగిన ఆ జాడని చూసి పాలపుంత అన్నవాడెవరో గానీ చేతులెత్తి మొక్కాలి. ‘కొత్త పుంతలు తొక్కింది’ అన్నప్పుడు తొక్కేదీ ఆ పుంతే. అయితే అది మనం ఉన్న గెలాక్సీ పేరు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడాను ‘మరో పాలపుంత’ అని కొందరు రాస్తారు. గెలాక్సీ అన్న మాట కూడా గ్రీకువాళ్ళ పాల నుంచే వచ్చింది కాబట్టి వాళ్ళని తప్పుపట్టను. కానీ నన్నడిగితే మనదాన్ని పాలపుంత అనీ, మిగతావాటిని గెలాక్సీలనీ అంటే చదివేవాడికి గందరగోళం ఉండదు.

చివరిగా కక్ష. ఇక్కడ చిక్కు ఉంది. సంస్కృత జ్యోతిశ్శాస్త్రంలో గ్రహం తిరిగే దారిని కక్షా అనే అన్నారు. కాబట్టి ‘కక్ష’ అని రాసినవాడు నిఘంటువు తెచ్చి వాదిస్తే గెలవవచ్చు. అయినా రాయకూడదనే అంటాను. తెలుగులో కక్ష అంటే పగ, అది తప్ప ఇంకోటి తోచదు. చంద్రయాన్-3 2023 ఆగస్టు 5న చంద్రుడి ‘కక్షలో’ ప్రవేశించిందని రాస్తే, వాళ్ళిద్దరికీ ఏ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చిందో అనిపిస్తుంది. అంత పగే ఉంటే అదే నెల 23న అంత మెత్తగా దిగనిచ్చేవాడా? అందుకని తిరిగే దారి కక్ష్య, మనసులో పెట్టుకునేది కక్ష అని తెలుగు విడదీసుకుంది. భూస్థిర కక్ష్య అయినా, చంద్రుడి కక్ష్య అయినా య వత్తు తప్పనిసరి. కొందరు అంతరిక్షాన్ని ‘అంతరిక్ష్యం’ అని రాస్తున్నారు. అక్కడ ఆ వత్తు అక్కర్లేదు, తీసుకొచ్చి కక్ష్యకి పెట్టేయండి.