మెంటర్ నేరుగా జవాబు చెప్పకపోతే...

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ వాళ్లు ఒక అనుభవజ్ఞుడైన ఉద్యోగిని నాకు మెంటర్‌గా కేటాయించారు. ఏది అడిగినా ఆయన తిరిగి నన్నే ప్రశ్నిస్తారు. మూడు నెలలు గడిచినా నాలో మార్పేమీ కనిపించడం లేదు. డబ్బు కట్టి కోచ్ దగ్గర చేరమంటారా?
- ఒక విద్యార్థిని

జవాబు: అప్పుడే వద్దు. ఉద్యోగంలో చేరాలా, పై చదువులకు వెళ్లాలా అని మీరు అడిగితే, ఏదో ఒకటి చెప్పేయడం ఆయనకు పెద్ద పని కాదు. కానీ ఆ నిర్ణయం ఆయనది అవుతుంది. రేపు అది కష్టంగా తోచినప్పుడు దాని మీద నిలబడే బలం మీకు ఉండదు. అందుకే ఆయన మీ చేత ఆలోచింపజేస్తున్నారేమో చూడండి.

అయితే అన్ని ప్రశ్నలకూ ఎదురు ప్రశ్న సరిపోదు. ఈ రంగంలో మొదటి ఏడాది పని ఎలా ఉంటుందని అడిగితే ‘నువ్వేమనుకుంటున్నావు?’ అనడంలో అర్థం లేదు. ఆ దారిలో నడిచిన మనిషిగా తన అనుభవం చెప్పాలి. మెంటర్ ఉన్నదే అందుకు. కోచ్ సంగతి వేరు. మీ రంగం ఆయనకు తెలియకపోయినా ఫరవాలేదు. మీ లక్ష్యాన్ని మీ నోటితోనే స్పష్టంగా చెప్పించి, దానికి తగిన పని మీ చేత చేయించడం ఆయన నేర్పు.

ఆ పని ఎలా సాగుతుందో చూడండి. మీరు ఇంటర్వ్యూల్లో తడబడుతున్నారనుకుందాం. ‘ఆత్మవిశ్వాసం పెంచుకో’ అంటే మీకు ఒరిగేదేమీ లేదు. మంచి కోచ్ అయితే ‘ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారు?’ అంటారు. మీ గురించి చెప్పమన్నప్పుడు అని మీరంటారు. ‘మొదటి వాక్యం ఏం చెప్పారు?’ గుర్తు రాదు, ఎందుకంటే ముందుగా అనుకోలేదు. ఇక చేయవలసిన పని దొరికినట్టే. రెండు నిమిషాల పరిచయం రాసుకుని, ఫోనులో రికార్డు చేసి, విని, దిద్దుకుని తీసుకురావాలి. తర్వాతి సమావేశం అంతా ఆ రికార్డింగు మీదే నడుస్తుంది.

ఇక్కడ విమర్శ మీ పరిచయం మీద ఉంది, మీ మీద కాదు. ఇది చిన్న తేడా కాదు. 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఫీడ్‌బ్యాక్ సగటున మేలే చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గిందని తేలింది. మాట పనిని వదిలి మనిషి మీదకు మళ్లే కొద్దీ ఫలితం పలచబడుతుందని వారు వివరించారు. ‘నువ్వింతే’ అనే మెంటర్ దగ్గర, ఆయన ఎంత పెద్దవారైనా సరే, ఎక్కువ కాలం ఉండకండి.

ఇప్పుడు మీ వంతు. సమావేశానికి ఖాళీ చేతులతో వెళ్తున్నారేమో ఆలోచించండి. చేసిన పని, ఆగిపోయిన చోటు, తేల్చుకోవలసిన ఒక్క విషయం రాసుకుని ముందు రోజే ఆయనకు పంపండి. ‘ఈ విషయంలో మీ అనుభవం చెప్పండి’ అని నేరుగా అడగండి. మొహమాటం వద్దు. రెండు సమావేశాలు ఇలా జరిగాక కూడా ఏమీ దొరకకపోతే మరొకరిని కేటాయించమని కాలేజీని అడగండి. అందులో అమర్యాద లేదు.

కోచ్ దగ్గరకే వెళ్లాలనుకుంటే అర్హతలు అడిగి తెలుసుకోండి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే తొలి స్థాయి గుర్తింపు ఏసీసీకే కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. ఉద్యోగం ఖాయమని హామీ ఇచ్చేవారికి మాత్రం డబ్బు కట్టకండి. అది కోచ్ చేతిలో లేని విషయం.

ఇంకో సంగతి. మెంటర్ సంబంధాలను అధ్యయనం చేసిన క్యాథీ క్రామ్ 1983లో వాటిలో నాలుగు దశలను గుర్తించారు. మూడోది విడిపోవడం. మీరు ఆయన్ని అడగకుండానే నిర్ణయాలు తీసుకునే రోజు వస్తే నొచ్చుకోకండి, ఆయన నొచ్చుకుంటారనీ భయపడకండి. నాలుగో దశలో చాలామంది సాటివారిలా, స్నేహితుల్లా మిగులుతారు.