కెన్యా వెళ్లేముందు చెన్నైలోనే చూసుకోవాల్సినవి

ప్రశ్న: మాది నెల్లూరు వైపు, చాలా ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివాను. కెన్యాలోని కిసీలో టీనేజీ పిల్లలతో ఆరోగ్యం, జెండర్ విషయాల మీద ఆరు నెలలు వాలంటీరుగా పనిచేసే అవకాశం వచ్చింది. ఎలా సిద్ధమవ్వాలి? అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు సూది సంగతి చూడండి. ఎల్లో ఫీవర్ టీకా గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఒక్క డోసు చాలు, కాకపోతే వేయించుకున్న 10 రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొద్దు, ఆ కాగితం లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. మలేరియా మాత్రల గురించీ డాక్టరునే అడగండి. టూరిస్టుగా వచ్చేయమని ఆ సంస్థవాళ్లంటే మాత్రం ఒప్పుకోకండి, అక్కడ పనిచేయడానికి పర్మిట్ ఎవరు తీస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఇక అసలు విషయం. మనమేదో నేర్పడానికి వెళ్తున్నామనే ఊపు ఉంటే కాస్త తగ్గించుకోండి, ఎందుకంటే శానిటరీ ప్యాడ్ల మీద పన్ను కెన్యా 2004లోనే ఎత్తేసింది, మన దగ్గర జీఎస్టీ పోయింది 2018లో! పుస్తకాలకంటే ముందు అక్కడి చట్టాలు చదవండి. ఆడపిల్లల జననాంగం కోసే ఆచారాన్ని 2011లో నిషేధించారు, అలా జరగబోతోందని తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. అందుకే ఏ పిల్లైనా ఏడుస్తూ వచ్చి "అక్కా, ఎవరికీ చెప్పొద్దు" అంటే సరేనని మాటివ్వకండి. "నిన్ను కాపాడటానికి అవసరమైతే ఒకరికి చెప్తాను, ఎవరికో నీకు ముందే చెప్తాను" అనండి. ఆ ఒకరు ఎవరన్నదే కిసీలో చిక్కు, అక్కడ ఆ కోత చాటుగా కోసేవాళ్లలో నర్సులూ ఉంటారు మరి. ఎవరిని నమ్మాలో ఇక్కడి నుంచి బయల్దేరకముందే తేల్చుకోండి. కెన్యాలో పిల్లల హెల్ప్‌లైన్ 116.

ఈలోగా ఇక్కడే ఏదైనా సంస్థతో కలిసి ఒకట్రెండు క్లాసులు చెప్పి చూడండి, అదీ తెలుగులో కాదు, తమిళంలో. నెలసరి గురించి మనది కాని భాషలో మాట్లాడుతుంటే ఎక్కడ తడబడతామో అప్పుడు తెలుస్తుంది. మగపిల్లల్ని బయటికి పంపేయకండి, వాళ్లకీ బోలెడు అనుమానాలుంటాయి. పేరు రాయకుండా ప్రశ్నలు వేయడానికి చీటీల పెట్టె పెడితే అందరికీ ఒకే రకం కాగితం, ఒకే రంగు పెన్ను ఇచ్చి, ప్రశ్న లేనివాళ్లు నిన్న ఏం తిన్నారో రాయమనండి. లేకపోతే కొందరే రాస్తారు, రాసిందెవరో క్లాసంతా కనిపెట్టేస్తుంది. ఇడ్లీ, సాంబారు చీటీలు కుప్పలుగా వస్తాయి, రానివ్వండి.

అమ్మకు మీరుండబోయే ఇంటివాళ్ల నంబరు, సంస్థ నంబరు కాగితం మీద రాసివ్వండి. రోజూ ఫోన్ చేస్తానని మాత్రం ఒప్పుకోకండి, ఒక్క పూట నెట్ లేకపోతే ఇక్కడ ఇల్లంతా గగ్గోలే. వారానికి రెండుసార్లు అనండి, వీలైతే ఎక్కువే చేయండి.